పదింబావు నుంచి పదిన్నర దాకా కుతూహలం

పిల్లల్ని వాళ్ల ఇష్టానికి ఆడుకోనివ్వడమంత ప్రమాదకరమైన పని ఈ లోకంలో మరొకటి లేదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, ఒక కప్పు టీ తాగి, మళ్లీ ఆలోచించి అంటున్నాను. నాలుగేళ్ల పిల్ల చేతికి ఒక ఖాళీ డబ్బా, ఒక చెంచా ఇచ్చి వదిలెయ్యండి. అది ఏం చేస్తుందో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. ఆ పిల్ల కూడా చెప్పలేదు! చివరికి ఏమవుతుందో ఎవరికీ తెలియని పనిని ఒక తరగతి గదిలో, అదీ పట్టపగలు, ఎలా జరగనిస్తాం?

అందుకే ఆటని పిల్లల చేతుల్లోంచి లాక్కుని పెద్దల చేతుల్లో భద్రంగా పెట్టిన కొత్త విధానానికి నేను రెండు చేతులా దణ్ణం పెడుతున్నాను. మీరూ పెడతారు. కాకపోతే ముందు మా వదిన సంగతి వినాలి.

మా వదిన చిన్న పిల్లల బడిలో టీచరు. నాలుగేళ్ల వాళ్లు, ఐదేళ్ల వాళ్లు ఆవిడ క్లాసు. పందొమ్మిదేళ్లుగా అదే బడి, అదే గది. గదికి ఓ మూల కుళాయి, ఓ పక్క పెరట్లోకి కిటికీ. పొద్దున్నే పిల్లలు రాగానే ఆవిడ ఒక బుట్టెడు సామాను నేలమీద బోర్లించేది. సీసా మూతలు, దారం అయిపోయిన రీళ్లు, పిడి ఊడిన గరిటె, పలకని టెలిఫోను. ఆ తరవాత ఏం చేసేదో తెలుసా? ఒక పొట్టి కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేది!

పిల్లలు మూతలు పంచుకుని, "నీకు తొమ్మిది, నాకు ఏడేనా?" అని జుట్లు పట్టుకునేవాళ్లు. ఆ గొడవలోనే లెక్కలు వచ్చేసేవి. టెలిఫోను చెవికి పెట్టుకుని, "హలో, డాక్టరు గారు లేరండీ, టీకి వెళ్లారు, మీరు రేపు జ్వరం తెచ్చుకోండి" అని ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు. ఆ కబుర్లలోనే మాటలు వచ్చేసేవి. ఎవరైనా మరీ చిక్కుల్లో పడితే వదిన పక్కన చేరి ఒక్క మాట అనేది. ఒకే ఒక్క మాట. మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చునేది.

ఇందులో దారుణం గమనించారా? పిల్లలకి తాము నేర్చుకుంటున్నామన్న సంగతే తెలిసేది కాదు. తల్లిదండ్రులకి తెలిసేది కాదు. ఏ కాగితం మీదా ఎక్కేది కాదు. పందొమ్మిదేళ్లు ఇలా నడిచింది! రుజువు లేని చదువు చదువెలా అవుతుందండీ?

అదృష్టం బాగుండి కిందటేడు ఆ బడికి ఒక యువకుడు వచ్చాడు. మూడు రోజుల ట్రైనింగ్ అయిన మనిషి. ఆయన ఉద్యోగం పేరు 'ప్లే బేస్డ్ లెర్నింగ్ కోఆర్డినేటర్'. అంత పేరు ప్రతిసారీ రాయడానికి నా కాలమ్‌లో చోటు లేదు కనుక మనం ఆటల ఆఫీసర్ అని పిలుచుకుందాం. చెడ్డవాడేం కాదు. ఎప్పుడూ నవ్వు మొహం. చంకలో టాబ్లెట్. వదినకి కొడుకు వయసు ఉంటుంది. అయినా ఆవిడ ఆయన్ని "సార్" అనే పిలవాలి.

మొదటి రోజే ఆయన క్లాసంతా కలియజూసి, బుట్ట దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి టీచర్?"

"పిల్లల ఆట సామాను సార్."

"దీనికి లెర్నింగ్ ఔట్‌కం ఏంటి?"

"అది పిల్లలు ఏం చేస్తారో దాన్నిబట్టి ఉంటుంది సార్."

"అదే కదా సమస్య!" అన్నాడు ఆఫీసర్, నవ్వుతూనే.

సాయంత్రానికి బుట్ట స్టోర్ రూమ్ దాటి చెత్తబండి ఎక్కేసింది. దాని స్థానంలో ఒక అందమైన పెట్టె వచ్చింది. దాని పేరు కుతూహలం పెట్టె. దానికి తాళం. తాళంచెవి ఆఫీసులో. పదింబావుకి పెట్టె తెరుస్తారు, పదిన్నరకి మూస్తారు. పిల్లలకి కుతూహలం ఆ పావుగంటలో కలగాలి. తొమ్మిదిన్నరకే కలిగితే? ఆపుకోవాలి! బాత్రూమ్‌కి ఆపుకోవడం నేర్పుతున్నాం, దీనికి నేర్పలేమా?

వారానికో థీమ్. ఒక వారం పళ్లు, ఒక వారం వాహనాలు, ఒక వారం తేలేవీ మునిగేవీ. ప్రతి పిల్లా రోజుకి ఒక ప్రశ్న అడగాలి. ఒకసారి ఆశ్చర్యపోవాలి. ఆ రెండింటినీ టీచరు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ప్రశ్న థీమ్‌లో ఉంటే పచ్చచుక్క. బయట ఉంటే ఎర్రచుక్క. ఆనందానికి కూడా గ్రేడులున్నాయి: ప్రారంభ దశ, వికసిస్తున్న దశ, సాధించిన దశ. ఇరవై ఆరుగురు పిల్లలు, రోజుకి యాభై రెండు ఫోటోలు. వదిన ఇప్పుడు పొట్టి కుర్చీలో కూర్చోవడం లేదు. కూర్చునే తీరికేదీ? టాబ్లెట్ పట్టుకుని గదంతా తిరుగుతోంది. ఇరవై ఆరు ఆశ్చర్యాలని పావుగంటలో పట్టుకోవడమంటే మాటలా?

పిల్లలు మాత్రం ఘటికులు. పది రోజుల్లో కిటుకు పట్టేశారు. టాబ్లెట్ తమ వైపు తిరగగానే నోరు తెరిచి, కనుబొమలు పైకెత్తి, ఫోటో పడేదాకా అలాగే ఉండి, మళ్లీ మామూలుగా అయిపోయేవాళ్లు. ఒక పిల్లాడైతే, "టీచర్, నా ఆశ్చర్యం అయిపోయిందా? ఇంక నీళ్లు తాగొచ్చా?" అని అడిగేవాడట.

ఇక తల్లిదండ్రుల సంతోషం చెప్పనలవి కాదు. ఆఫీసుల్లో, షాపుల్లో, క్యూల్లో వాళ్ల ఫోన్లు కుయ్యిమనేవి. 'మీ పాప ఈ రోజు పదీ ఇరవై రెండుకి ఆశ్చర్యపోయింది.' ఎంత నిశ్చింత! అంతకుముందు మన పిల్లలు ఎప్పుడు ఆశ్చర్యపోయేవాళ్లో, ఎక్కడ ఆశ్చర్యపోయేవాళ్లో మనకి తెలిసేదా?

మా పక్కింటాయన ఒక సాయంత్రం దిగాలుగా గోడ మీద చేతులాన్చి, "మావాడు ఈ వారం నాలుగు సార్లే ఆశ్చర్యపోయాడండీ. వాడి ఫ్రెండుకి ఆరు వచ్చాయి" అన్నాడు. నేను ఓదార్చాను. రెండు వీధుల అవతల ఎవరో కుతూహలానికి ట్యూషన్ పెట్టారనీ, మంచి బ్యాచ్ నడుస్తోందనీ చెప్పాను. ఆయన వెంటనే చెప్పులేసుకున్నాడు.

ఇంత చక్కటి ఏర్పాటులో ఒక్క చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కు వయసు నాలుగున్నరేళ్లు.

ఆ పిల్లని బడిలో అందరూ ఎందుకమ్మ అనేవాళ్లు. నోరు తెరిస్తే ఎందుకు అనే మాటే. వాళ్లమ్మ సిటీ బస్సు డ్రైవరు. షిఫ్టుకి షిఫ్టుకి మధ్య యూనిఫామ్‌లోనే వచ్చి పిల్లని దింపి, మళ్లీ పరుగున వెళ్లిపోయేది.

పళ్ల వారంలో ఎందుకమ్మ అడిగింది: "మా అమ్మ బస్సు ఆపినప్పుడు మనం ముందుకెందుకు పడతాం టీచర్?"

పళ్ల వారం కదా! ఎర్రచుక్క.

వాహనాల వారం వచ్చింది. బొమ్మ బస్సు చేతిలో పెట్టారు. ఇప్పుడైనా అడగొచ్చుగా? అడగలేదు. "ఇందాక తిన్న యాపిల్ కొరికిన చోటే ఎందుకు నల్లబడింది?" అంది. ఎర్రచుక్క.

నిన్న అడగాల్సింది ఇవాళ, ఇవాళ అడగాల్సింది నిన్న! అంతేనా? పదింబావుకి ముందే రెండు మూడు అడిగేసేది. పదిన్నర తరవాత ఇంకో నాలుగు. వాటికైతే యాప్‌లో చోటే లేదు. వదిన మంచి మనిషే గాని చేతికి నిజాయితీ జబ్బు ఉంది. ఎర్రచుక్క పెట్టాల్సిన చోట ఎర్రచుక్కే పెట్టింది. 'చిన్న చుక్కే కదా' అనుకుందట.

నెలాఖరుకి రిపోర్టు వచ్చింది. ఇరవై ఐదుగురికీ పచ్చ. ఎందుకమ్మ పేరు పక్కన ఇలా ఉంది: 'కుతూహలం లోపించింది. జోక్యం అవసరం.'

వదిన ఆ వాక్యం రెండు సార్లు చదువుకుని ఆఫీసర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇది తప్పు. ఈ పిల్ల అడిగినన్ని ప్రశ్నలు నా సర్వీసులో ఏ పిల్లా అడగలేదు."

"నిజమే టీచర్. కానీ సిస్టమ్‌లో లేవు కదా?"

"సిస్టమ్‌లో లేకపోతే అడగనట్టా?"

"అలా అని కాదు. మనం పాపని మెల్లగా థీమ్ వైపు మళ్లించాలి. పేరెంట్‌ని పిలుద్దాం."

పిలిచారు. బస్సు డ్రైవరమ్మ యూనిఫామ్‌లోనే వచ్చి, పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. ఆఫీసర్ టాబ్లెట్ తిప్పి ఎర్రచుక్కలు చూపించాడు. ఆమె కాసేపు చూసింది.

"అంటే మా పిల్లకి కుతూహలం లేదంటారు."

"తక్కువగా ఉందంటున్నామండీ. కంగారు పడకండి."

"ఇంటికి రాగానే మొదలుపెడుతుంది సార్. అన్నం తింటూ అడుగుతుంది, నీళ్లు పోస్తుంటే అడుగుతుంది, నిద్రలో కూడా అడుగుతుంది. నా తల వాచిపోతోంది. మరి కుతూహలం లేకపోతే నేను రోజూ వింటున్నదేంటి సార్?"

ఆఫీసర్ నవ్వాడు. "అదంతా అన్‌స్ట్రక్చర్డ్ అండీ" అన్నాడు.

ఆ మాటకి అర్థం ఆమెకి తెలియలేదు. పిల్లలో ఏదో లోపం ఉందన్నది మాత్రం తెలిసింది. బయటికొచ్చి, వరండాలో మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల భుజాలు పట్టుకుని చెప్పింది. గుమ్మంలో నిలబడ్డ వదినకి అంతా వినబడింది.

"చూడు తల్లీ, బళ్లో వాళ్లు అడగమన్నవే అడుగు. మిగతావన్నీ నాకోసం దాచిపెట్టు. సాయంత్రం చెప్దువుగాని."

పిల్ల బుద్ధిగా తలూపింది.

మర్నాటి నుంచి ఎందుకమ్మ మారిపోయింది. పదింబావుకి లేచి నిలబడి, "టీచర్, ఏ వాహనానికి ఎన్ని చక్రాలుంటాయి?" అని గోడ మీద రాసి ఉన్న ప్రశ్ననే గడగడా అప్పజెప్పి కూర్చునేది. పచ్చచుక్క. కనుబొమలు ఎత్తేది. పచ్చచుక్క. వారం తిరిగేసరికి యాప్ 'అద్భుతమైన ప్రగతి' అంది. ఆఫీసర్ ఆ గ్రాఫుని మీటింగులో అందరికీ చూపించాడు. విధానం పనిచేస్తోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక మధ్యాహ్నం పిల్లలంతా తింటున్నారు. ఎందుకమ్మ మాత్రం డబ్బా ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. రెండు పిడికిళ్లూ బిగించి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమ్మా, ఆకలి లేదా?" అంది వదిన.

"ఉంది టీచర్."

"మరి తినవే?"

పిల్ల పిడికిళ్లు పైకెత్తి చూపించింది. "చెయ్యి తెరిస్తే పోతాయి."

"ఏం పోతాయి?"

"ప్రశ్నలు. వేలికి ఒకటి. అమ్మకోసం దాస్తున్నా." కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, "పదీ నిండిపోయాయి టీచర్. ఇప్పుడు ఇంకోటొచ్చింది. ఎక్కడ పెట్టుకోను?" అంది.

వదిన పక్కన కూర్చుంది. చెంచా తీసుకుని తనే ముద్ద ముద్దా తినిపించింది. పిల్ల పిడికిళ్లు విప్పకుండానే తినేసింది.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చి, టీ చల్లారిపోయేదాకా తన వేలి వంకే చూసుకుంటూ కూర్చుంది.

"ఆ ఎర్రచుక్కలు పెట్టింది నేనేనయ్యా" అంది చివరికి. "ఎవరి మీదో తోసెయ్యడానికి లేదు. ఈ వేలితోనే పెట్టాను."

నేను ఆవిడకి ధైర్యం చెప్పాలని, "పోనీలే వదినా, పిల్ల సైలెంట్ అయింది, నీకు శ్రమ తగ్గింది" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి నా కప్పులో టీ కూడా చల్లారిపోయింది.

ఆ తరవాత ప్రదర్శన రోజొచ్చింది. 'ఆడుతూ నేర్చే బడి' అనే గుర్తింపు ఇచ్చే ముందు ముగ్గురు పరిశీలకులు వచ్చి, పిల్లలు సహజంగా, స్వేచ్ఛగా ఆడుకోవడం కళ్లారా చూస్తారట. అందుకని పిల్లల చేత పది రోజులు రిహార్సల్స్ చేయించారు. స్వేచ్ఛగా ఆడటం ఒక్కరోజులో వస్తుందా మరి? ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేల మీద సుద్దతో గుర్తులు గీశారు. థీమ్: తేలేవీ మునిగేవీ. ఒకడు ప్రశ్న అడగాలి. ఒకతి బెండు ముక్క నీళ్లలో వెయ్యాలి. ఒకడు ఆశ్చర్యపోవాలి. ఎందుకమ్మకి మాటల్లేని పాత్ర ఇచ్చారు, తొట్టి పక్కన నిలబడి చూస్తూ ఉండటం.

నన్ను సమాజ ప్రతినిధిగా పిలిచారు. పేపర్లో నాలుగు మంచి ముక్కలు రాస్తానని ప్రిన్సిపాల్ మేడమ్ ఆశ. కనుక ఈ ప్రదర్శన సంగతి నేను కళ్లారా చూసింది.

పదింబావు. ఆఫీసర్ వేలు ఊపాడు. ప్రశ్న పిల్లాడు లేచి, "టీచర్ ఏవి తేలుతాయి ఏవి మునుగుతాయి ఎందుకు తేలుతాయి ఎందుకు మునుగుతాయి ధన్యవాదాలు" అని ఒక్క ఊపిరిలో అనేసి కూలబడ్డాడు. ఆశ్చర్యం పిల్లాడు తొందరపడి, బెండు నీళ్లలో పడకముందే "ఆహా! తేలింది!" అనేశాడు. బెండు పిల్ల కంగారుపడి, "ఇంకా వెయ్యలేదురా!" అని వాణ్ణి తోసింది. వాడు తొట్టి మీద పడ్డాడు.

కొత్త ప్లాస్టిక్ తొట్టి. అడుగున టప్పుమని బీట పడింది. పరిశీలకులు ముందు చూడలేదు. నీళ్లు సన్నటి పాములా తొట్టి కిందనుంచి బయటికొచ్చి, సుద్ద గుర్తుల్ని చెరుపుకుంటూ, మా కుర్చీల మధ్యగా పోతున్నాయి. ఆఫీసర్ పళ్లు బిగించి నవ్వుతూనే, బడి ఆయా వైపు తిరిగి "తుడుపుగుడ్డ! తుడుపుగుడ్డ!" అని గొణుగుతున్నాడు.

చూస్తూ ఉండాల్సిన పిల్ల చూసింది. తన పాత్ర తను పోషించింది. నీళ్ల వెంట ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. బిగించిన పిడికిట్లోంచి ఒక వేలు బయటికొచ్చి కుళాయి ఉన్న మూలని చూపించింది.

"టీచర్... నీళ్లు అన్ని వైపులా పోవచ్చుగా? ఆ మూలకే ఎందుకు పోతున్నాయి?"

"థీమ్ తేలడం, మునగడం పాపా" అన్నాడు ఆఫీసర్ మెల్లగా. అని వదిన వైపు చూశాడు. ఇప్పుడు ఆవిడ పిల్లని మళ్లించాలి. ఎలా మళ్లించాలో ట్రైనింగ్‌లో చెప్పారు కూడా.

వదిన పిల్ల చేతి వంక చూసింది. టాబ్లెట్‌ని కిటికీ గట్టు మీద బోర్లించి పెట్టింది.

"నాకు తెలీదే" అంది. "పద, చూద్దాం."

అని, ఇస్త్రీ చేసిన బట్టలతో ఆ తడి నేల మీదే చతికిలబడింది!

ఇక నేను చూసిన బీభత్సం ఏమని వర్ణించను? ఇరవై ఆరుగురూ సుద్ద గుర్తులు వదిలేసి నీళ్ల మీద పడ్డారు. బెండు ముక్క ప్రవాహంలో పడవైంది. ఒకడు తన బూటు అడ్డం పెట్టి ఆనకట్ట కట్టాడు. నీళ్లు పక్కకి తిరిగాయి. "బూటు పక్కన ఇంకో బూటు!" అని అరుపు. నిమిషంలో పన్నెండు జతల బూట్లు వరసకట్టాయి. సందుల్లోంచి నీళ్లు కారుతుంటే సందుకి సాక్సు కుక్కారు. మాటల్లేని పాత్ర ఉన్న ఎందుకమ్మ బోర్లా పడుకుని, చెంప నేలకి ఆన్చి, ఒక కన్ను మూసి చూసింది.

"టీచర్! నేల అటు వాలి ఉంది!"

"నీకెలా తెలిసింది?"

"నా చెంపకి తెలిసింది."

వదిన కూడా చెంప ఆన్చింది. "అవునే!" అంది. పందొమ్మిదేళ్లుగా నడుస్తున్న నేల వాలుగా ఉందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

"మరి కుర్చీలన్నీ అటు జారిపోవే? ఎందుకు?"

ఆ కుర్చీల్లో ఒకదాంట్లో నేను కూర్చున్నాను. నాకూ అదే సందేహం వచ్చింది. పైకి మాత్రం గంభీరంగా తలపంకించాను.

ఒక పరిశీలకుడు కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. రెండో ఆయన ఫారంలో ఏ గడి నింపాలో వెతుక్కుంటున్నాడు. మూడో ఆవిడ, పెద్దావిడ, ముందుకి వంగి వంగి చివరికి తన పెన్ను తీసి నీళ్లలోకి వదిలింది, బెండుతో పాటు పోతుందేమోనని. పక్కాయన దగ్గాడు. ఆవిడ సర్దుకుని కూర్చుంది. పెన్ను మాత్రం పిల్లల దగ్గరే ఉండిపోయింది. పదిన్నర దాటింది. పదీ నలభై దాటింది. గంట మోగలేదు. మోగించాల్సిన ఆయా తుడుపుగుడ్డని మెలిపెట్టి ఆనకట్టకి రెండో వరస కడుతోంది.

ఎందుకమ్మ పిడికిళ్లు ఎప్పుడు తెరుచుకున్నాయో ఎవరూ చూడలేదు. రెండు చేతులా సుద్ద బురద పూసుకుని అడుగుతూనే ఉంది.

వారం తరవాత పరిశీలకుల లేఖ వచ్చింది. వదిన నాకు చదివి వినిపించింది. 'నీటి ప్రమాదం సంభవించినందువల్ల ఆట ద్వారా అభ్యసనం పరిశీలించడానికి వీలుపడలేదు. ప్రమాద సమయంలో పిల్లలు అదుపు తప్పారు. నేల వాలు సరిచేయించి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చును.'

ఎంత న్యాయమైన లేఖ! ముగ్గురు చదువుకున్న మనుషులు ఆట చూడటానికి వచ్చారు. ఆట కనబడలేదు. ఉన్నది లేనట్టు రాయడం తప్పుగాని, కనబడనిది కనబడలేదని రాయడంలో తప్పేముంది?

లేఖతో పాటు వదినకో మెమో. పదీ పద్దెనిమిది నుంచి పదీ యాభై ఒకటి వరకు యాప్‌లో డేటా ఎందుకు లేదో సంజాయిషీ ఇవ్వాలి. వదిన ఒక్క వాక్యం రాసిచ్చింది: 'ఆ సమయంలో పిల్లలు ఆడుకుంటున్నారు.'

ప్రిన్సిపాల్ మేడమ్ తల పట్టుకుంది. "ఇలా రాసిస్తే ఎలాగండీ? నేను దీన్ని ఏ నైపుణ్యం కింద వేసుకోవాలి?"

"ప్రమాదం కిందే వేసుకోండి మేడమ్. రోజూ జరిగితే ఇంకా బాగుండును."

ఆ మాటకి ఆవిడని మూడు రోజుల ట్రైనింగ్‌కి పంపించారు. 'పిల్లలతో ఆడటం ఎలా?' పొద్దుట తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా వరసల్లో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించారు. మధ్యలో ప్రశ్నలు అడగకూడదు, చివర్లో ఐదు నిమిషాలు కేటాయిస్తామన్నారు. ఆ ఐదు నిమిషాలూ గ్రూప్ ఫోటోకి సరిపోయాయి. అందరూ కనుబొమలు ఎత్తారట.

ఆవిడ తిరిగి వచ్చేసరికి నేల సరిచేయడానికి ఒక మేస్త్రీ వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు, ఏ ట్రైనింగూ లేనివాడు. చేతిలో రసమట్టం ఉంది, గాజు గొట్టంలో బుడగ అటూ ఇటూ కదిలే పనిముట్టు. ఎందుకమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"అదేంటి?"

"రసమట్టం. ఈ బుడగ మధ్యలో ఉంటే నేల సమంగా ఉన్నట్టు."

"బుడగ మధ్యలోకే ఎందుకు వస్తుంది?"

మేస్త్రీ తాపీ కింద పెట్టి, ఆ బుడగ వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నాకూ తెలీదమ్మా. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఎప్పుడూ అనుకోలేదు. ఇదిగో, నువ్వే పట్టుకు చూడు" అని చేతికిచ్చేశాడు.

ఆ రోజు ఇరవై ఆరుగురూ రసమట్టం పట్టుకుని బడంతా తిరిగారు. కిటికీ సమంగా లేదు. నల్లబల్ల సమంగా లేదు. ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీ సమంగా లేదు. ఆఫీసర్ పరుగెత్తుకొచ్చి, "టీచర్, పనివాళ్లని విసిగించకూడదు. పదింబావు అయింది, పెట్టె తెరవాలి" అన్నాడు. "మీరు తెరవండి సార్, మేం వస్తాం" అంది వదిన. ఆయన తెరిచి, పక్కన నిలబడి ఎదురుచూశాడు. ఎవరూ వెళ్లలేదు. పదిన్నరకి మూసేశాడు.

నేల ఇప్పుడు సమంగా ఉంది. పరిశీలకులు రెండోసారి వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడికీ పోలేదు. బడికి గుర్తింపు వచ్చింది, గేటు మీద బోర్డు వెలిసింది. వదినకి మాత్రం యాప్‌లో 'జోక్యం అవసరం' అని వచ్చింది. ఆవిడ దాన్ని పట్టించుకోవడం మానేసింది. పచ్చచుక్కలన్నీ సాయంత్రం పిల్లలు వెళ్లాక ఇరవై ఆరుగురికీ గంపగుత్తగా పెట్టేస్తోంది. నిజాయితీ జబ్బు నయమైంది. పొట్టి కుర్చీలో మళ్లీ కూర్చుంటోంది. బస్సు డ్రైవరమ్మ మొన్న గేటు దగ్గర వదినకి కనబడి, "మేడమ్, ఇది బళ్లోనే అన్నీ అడిగేసి వస్తోంది. ఇంట్లో ఇప్పుడు సగానికి సగం తగ్గాయి. కాస్త ఊపిరి పీల్చుకుంటున్నా" అంది. అని, వెళ్తూ వెళ్తూ ఆగి, "సగమే లెండి" అంది నవ్వుతూ.

అయినా నా ఓటు పెట్టెకీ, తాళానికే. ఎందుకో చెప్పమంటారా? నిజం చెప్పేస్తాను. పిల్లలు నిజంగా ఆడుకోవడం మొదలుపెడితే ప్రశ్నలు మన టైమ్‌కి రావు, మనకి తెలిసిన వాటి మీద రావు. అప్పుడు మనకి ఏమీ తెలియదన్న సంగతి నాలుగేళ్ల పిల్లకి తెలిసిపోతుంది. ఆ తలవంపులు తప్పించుకోవడానికే ఇంత యంత్రాంగం, ఇన్ని చుక్కలు, ఇన్ని ఫోటోలు. పిల్లలకి కుతూహలం నేర్పడానికి అనుకుంటున్నారా ఇదంతా? అది వాళ్ల దగ్గర బండెడు ఉంది. మన దగ్గరే లేనిది ఒక్క మాట: 'నాకు తెలీదు.' వదిన ఆ మాట అనేసింది. మేస్త్రీ అనేశాడు. వాళ్లకేం, ఎన్నైనా అంటారు! పరువున్న నాలాంటి వాళ్ల సంగతేంటి?

మొన్న వదిన కళ్లజోడు మా ఇంట్లో మర్చిపోతే ఇచ్చి వద్దామని బడికి వెళ్లాను. ఎందుకమ్మ ఎదురొచ్చింది.

"నువ్వేం పని చేస్తావు తాతా?"

"పేపర్లో రాస్తానమ్మా. లోకంలో ఏది బాగోలేదో చెప్తాను."

"నువ్వు రాస్తే బాగవుతుందా?"

"అంటే... అలా వెంటనే బాగవదు."

"ఇప్పటిదాకా ఏదైనా బాగైందా?"

నేను వదిన వైపు చూశాను. ఆవిడ పొట్టి కుర్చీలో కూర్చుని మమ్మల్నే చూస్తోంది. సాయానికి వచ్చే ఉద్దేశమేమీ కనబడలేదు.

"మరి ఎందుకు రాస్తావు?" అంది పిల్ల.

"అర్జెంటు పనుందమ్మా" అని కళ్లజోడు బల్ల మీద పెట్టేసి గబగబా గేటు దాటేశాను.

నాకా రోజు పనేమీ లేదు.